కదిలే పళ్ళ రిజిస్టరు

‘కిలకిల’ కార్యక్రమం వచ్చేనాటికి తాటిగుంటపాలెం ప్రాథమిక పాఠశాల రెండో తరగతిలో పద్నాలుగు మంది పిల్లలున్నారు. ఆ పద్నాలుగు మంది పేర్లూ ప్రభుత్వం దగ్గరున్నాయి. పుట్టిన తేదీలున్నాయి, ఎత్తులున్నాయి, బరువులున్నాయి, కాలి బూట్ల కొలతలు కూడా ఉన్నాయి. నోట్లో ఎన్ని పళ్ళున్నాయో మాత్రం లేదు. విద్యాశాఖ అడగలేదు, మాల్యాద్రి మాస్టారు చెప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మాల్యాద్రి మాస్టారికి యాభై రెండేళ్ళు. ఇరవై ఆరేళ్ళ సర్వీసూ చిన్న తరగతుల్లోనే గడిచింది. ఆయన తీసివేతలు చెబితే చూడాలి. దోసెడు చింతగింజలు బల్లమీద పోసి, అందులోంచి నాలుగు చటుక్కున గుప్పిట్లోకి లాగేసి, "దొంగెత్తుకపోయాడర్రా! ఎన్ని మిగిలినయ్యో చూడండి!" అని గగ్గోలు పెట్టేవారు. పిల్లలు ముందు దొంగని నాలుగు తిట్టి, తర్వాత మిగిలిన గింజలు లెక్కపెట్టి, ఆ తర్వాత మాస్టారి జేబులు వెతికేవాళ్ళు. బడి తెరిచిన పదిహేను రోజులకే క్లాసు మొత్తం తీసివేతల్లో ఆరితేరింది. ఇక గుణింతాలు దాటి వత్తుల్లో పడదామనుకుంటున్న సమయానికి, బడుల్లో ఆనందం లేదని శాఖ కనిపెట్టింది.

ఆ సంగతి చెప్పడానికి మండల కేంద్రంలో ఉపాధ్యాయులందరికీ ఒకరోజు శిక్షణ పెట్టారు. మండల విద్యాధికారి పరాంకుశరావు గారు జ్యోతి వెలిగించి, గొంతు సవరించుకుని ప్రసంగించారు.

"ఉపాధ్యాయ మిత్రులారా! ఇంతవరకు మన పాఠశాలలందు విద్య జరిగినది. ఆనందము జరగలేదు. ఆనందమనునది ఇకమీదట ఐచ్ఛికము కాదు, తప్పనిసరి. ఆనందించని విద్యార్థిపై ఎట్టి చర్యలు ఉండవు. ఆనందింపజేయని ఉపాధ్యాయునిపై ఉండును."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టనివాళ్ళ పేర్లు రాసుకోవడానికి ఒక గుమాస్తా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

తర్వాత ప్రహర్ష్ అనే కుర్ర నిపుణుడు లేచాడు. నగరం నుంచి వచ్చాడు. అతని హోదా ‘ఆనంద సలహాదారు’. ప్రతి తరగతిలోనూ బల్లమీద ఒక ట్యాబ్ నిలబెడతామనీ, అది ప్రతి ఇరవై నిమిషాలకూ పిల్లల ముఖాలు ఫొటో తీసి, వందకి ఎంత ఆనందం ఉందో అంకె వేసి రాజధానికి పంపుతుందనీ చెప్పాడు. ఆ అంకె పేరు కిలకిల సూచిక.

"మరి ఆనందం ఉందో లేదో దానికెట్టా తెలుసుద్దండీ?" అని వెనక వరసలోంచి ఒక పెద్దాయన అడిగారు.

"పళ్ళు సార్! మనిషి ఆనందంగా ఉంటే పళ్ళు కనిపిస్తాయి. ఎన్ని పళ్ళు కనిపిస్తే అంత ఆనందం. చాలా సైంటిఫిక్."

"నోరు మూసుకుని నవ్వుకుంటేనో?"

"అది దాచిన ఆనందం సార్. దాన్ని డిపార్ట్‌మెంట్ ఎంకరేజ్ చెయ్యదు."

ఈ యంత్రాన్ని మూడు నెలలపాటు తమ ఆఫీసులోనే, తమ సిబ్బంది మీదే పరీక్షించామనీ, ఎక్కడా తేడా రాలేదనీ ప్రహర్ష్ హామీ ఇచ్చాడు. ఆ ఆఫీసులో అందరికన్నా చిన్నవాడికి ఇరవై మూడేళ్ళు.

చివర్లో పరాంకుశరావు గారు ఇంకొక్క మాట చెప్పి కూర్చున్నారు. వరసగా రెండు నెలలు సూచిక అరవై దాటని తరగతిని ‘నిరానంద తరగతి’గా ప్రకటిస్తారు. ఆ తరగతిని ఎత్తేసి పిల్లల్ని దగ్గర్లోని ‘సంతోష సంకుల’ పాఠశాలలో, అంటే నాలుగైదు బడుల్ని కలిపిన పెద్ద బడిలో, కలిపేస్తారు. తాటిగుంటపాలేనికి దగ్గర్లోని సంతోష సంకులం నాలుగు కిలోమీటర్ల దూరంలో, హైవేకి అవతల ఉంది.

ఆ హైవే మాల్యాద్రి మాస్టారికి బాగా తెలుసు. దాన్ని దాటాలంటే ఆయనకే రెండు వైపులా చూసి, గుండె చిక్కబట్టుకుని పరుగెత్తాల్సి వస్తుంది. ఏడేళ్ళ పిల్లల్ని ఏ తల్లీ ఆ రోడ్డు దాటనివ్వదు. బడి అక్కడికి పోతే పద్నాలుగు మందిలో పన్నెండు మంది మేకల వెనకాల పోతారు. మాస్టారు భోజనం పొట్లం విప్పకుండానే ఇంటికొచ్చేశారు.

సోమవారం పొద్దున ట్యాబ్ వచ్చింది. పిల్లలు దాని చుట్టూ మూగారు. మాస్టారు మామూలుగానే చింతగింజలు పోసి, మామూలుగానే దొంగతనం చేశారు. క్లాసు ఫక్కున నవ్వింది. సరిగ్గా అప్పుడే ట్యాబ్ క్లిక్కుమని, తీయని ఆడగొంతుతో చెప్పింది.

"విషాదం గుర్తించబడినది. దయచేసి గెంతండి."

పిల్లలు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పడీపడీ నవ్వారు. ఒకడు నవ్వలేక బల్లకింద దూరాడు. ట్యాబ్ మళ్ళీ క్లిక్కుమంది.

"తీవ్ర విషాదం గుర్తించబడినది. దయచేసి మరింత ఎత్తుకు గెంతండి."

ఆ రోజు నుంచి రెండో తరగతికి అంతకు మించిన వినోదం లేకుండా పోయింది. ఇరవై నిమిషాలకోసారి విషాదం కోసం కాచుకు కూర్చునేవాళ్ళు. విషాదం రాగానే కేరింతలు కొడుతూ గెంతేవాళ్ళు. గెంతేకొద్దీ విషాదం ముదిరేది. మాస్టారు కూడా నొప్పి మోకాలు పట్టుకుని ‘క కా కి కీ’ అంటూ గెంతారు. దీర్ఘానికి ఎత్తుగా, హ్రస్వానికి పొట్టిగా. అది చూసి పిల్లలకి నవ్వుతో పొట్ట చెక్కలైంది. ట్యాబ్ ఈసారి గొంతు తగ్గించి, "ఇచ్చట సామూహిక దుఃఖం నెలకొన్నది. ధైర్యంగా ఉండండి" అని ఓదార్చింది.

గెంతులకే పొద్దు గడిచిపోతూ వత్తులు వెనకబడ్డాయి. ‘క’ కింద ‘క’ వత్తు పెట్టి మాస్టారు వెనక్కి తిరిగేలోపు క్లిక్కుమనేది. జులై గడిచింది, సూచిక నాలుగు. ఆ నాలుగు కూడా మాస్టారివే, ఒకసారి ఆయన ఫొటోలో పడ్డారు.

ప్రధానోపాధ్యాయురాలు కరీమూన్ మేడమ్ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి అరగంట చూశారు. నాలుగు, ఐదు తరగతులు ఆవిడవి. వాటికి ఎనభై వస్తోంది.

"మాల్యాద్రి గారూ, నేనొక మాట చెబుతా, ఏమీ అనుకోబాకండి," అన్నారు ఆవిడ. "అది పళ్ళు చూస్తది గదా. మీ పిల్లలకి పళ్ళేయండీ?"

మాస్టారు పిల్లల వంక తిరిగి చూశారు. పద్నాలుగు ముఖాలు ఆయన్ని చూసి నోరారా నవ్వాయి. అన్నీ ఖాళీలే. ఒకదానికి పైన రెండు లేవు, ఒకదానికి కింద మూడు లేవు, ఒకదానికి ముందు గేటు మొత్తం తెరుచుకుని ఉంది. ఇరవై ఆరేళ్ళుగా రెండో తరగతిని చూసి చూసి, పిల్లల నోరంటే ఇలాగే ఉంటుందని ఆయన కళ్ళు స్థిరపడిపోయాయి. కూర్చోబెట్టి లెక్క తీస్తే యాభై మూడు పళ్ళు తక్కువ తేలాయి. తీసివేతల్లో దిట్టలు కాబట్టి లెక్క పిల్లలే చేశారు.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కారణం తెలిసిపోయింది, రాసి పంపితే చాలనుకున్నారు. "ఏడేళ్ళ వయసులో పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చుట ప్రకృతి ధర్మమనియు, ఈ పిల్లలు మిక్కిలి ఆనందముగా ఉన్నారనియు, దయతో గమనించగలరనియు" ఒక అర్జీ రాసి, పద్నాలుగు మంది చేతా సంతకాలు పెట్టించి పంపారు.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. దాని మొదటి వాక్యం చదవగానే మాస్టారు కుర్చీ వెతుక్కున్నారు.

"విషయము: రెండవ తరగతి విద్యార్థుల దంతములు అనుమతి లేకుండా రాలుట, సంజాయిషీ కోరుట గురించి. పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, తమ తరగతి యందు యాభై మూడు దంతములు రాలినట్లు తామే లిఖితపూర్వకముగా అంగీకరించి యున్నారు. సదరు దంతములు ఏ ఏ తేదీలలో, ఏ ఏ పీరియడ్లలో రాలినవి? రాలుచున్నప్పుడు తరగతి ఉపాధ్యాయులు ఏమి చేయుచుండిరి? నివారణకు తీసుకొన్న చర్యలేవి?"

మాస్టారు మూడు రోజులపాటు ఏ పన్ను ఏ తేదీన ఊడిందో పిల్లల్ని అడిగి రాసుకున్నారు. నాలుగో రోజు నివారణ చర్యలు శాఖే పంపింది. విద్యాసంవత్సరం మధ్యలో పళ్ళు ఊడటం ఆనందానికి ఆటంకం కనుక, ఊడదలచిన పళ్ళు వేసవి సెలవుల్లో ఊడవలెను. తప్పనిసరైతే తల్లిదండ్రులు వారం ముందు దరఖాస్తు పెట్టుకోవలెను. మధ్యాహ్నం ఇచ్చే వేరుశనగ చిక్కీ పళ్ళకు ప్రమాదకరం కనుక గంటసేపు నీళ్ళలో నానబెట్టి వడ్డించవలెను. అప్పటికీ ఊడిన పన్నును కవర్లో పెట్టి, సీలు వేసి, నంబరు రాసి, ఇరవై నాలుగు గంటల్లో మండల కార్యాలయంలో జమ చేయవలెను. వీటన్నిటికీ మించి, ప్రతి ఉపాధ్యాయుడూ కదిలే పళ్ళ రిజిస్టరు ఒకటి నిర్వహించవలెను.

రిజిస్టరు కూడా వాళ్ళే అచ్చువేసి పంపారు. పిల్లవాడి పేరు, పన్ను స్థానం, కదిలే దిశ, కదిలే స్థాయి. స్థాయి మూడు రకాలు: స్వల్పం, మధ్యస్థం, ప్రమాదకరం.

ఆ రోజు నుంచి ప్రార్థన అవగానే రెండో తరగతి వరసగా నోళ్ళు తెరుచుకుని నిలబడేది. మాస్టారు చేతులు కడుక్కుని, వేలు పెట్టి ఒక్కో పన్నూ కదిపి చూసి రాసుకునేవారు. పిల్లలకి ఇది పండగైపోయింది. ‘ప్రమాదకరం’ వచ్చినవాళ్ళు రోజంతా కాలరెగరేసుకుని తిరిగేవాళ్ళు. ‘స్వల్పం’ వచ్చినవాళ్ళు అలిగేవాళ్ళు.

"సార్, సార్, ఇంకోసారి కదపండి సార్! నిన్నటికంటే బాగా కదులుతా ఉంది సార్!"

"ఉండరా! ఎయ్, కొరకబాక! అది నా వేలు!"

"సార్, వీడిది అసలు కదలట్లేదు సార్. నాలికతో తోసి కదిలిస్తా ఉన్నాడు సార్. దొంగ ప్రమాదకరం సార్!"

నానిన చిక్కీని పిల్లలు గ్లాసుల్లో పోసుకుని తాగారు. వంటమనిషి మాత్రం, తన జన్మలో పాకం పట్టినదాన్ని నీళ్ళలో ముంచిన పాపం ఎరగనని ఒక పూట పొయ్యి వెలిగించలేదు. మాస్టారు ఎక్కడికక్కడ సర్దిచెబుతూ తిరిగారు. ఇదంతా ఆయనకి మొదట్లో నవ్వొచ్చింది కానీ, ఆగస్టు సగం దాటాక నవ్వు రాలేదు. ఇంకో పదిహేను రోజుల్లో రెండు నెలలూ నిండుతాయి. సూచిక నాలుగు దగ్గరే ఉంది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం యోషిత చదివింది. ఆ పిల్ల క్లాసులో అందరికన్నా నెమ్మది. జులై నుంచీ వత్తుల దగ్గరే మొరాయించింది. పైనున్న ముందుపన్ను మాత్రం రిజిస్టర్లో వారంగా ‘ప్రమాదకరం’. మాస్టారు బోర్డు మీద ‘చప్పట్లు’ అని రాసి, రెండు గెంతుల మధ్య దొరికిన తీరికలో చదవమన్నారు.

"చ..." అంది యోషిత. "చప... చప్..." కళ్ళు మూసుకుంది. ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి, "చప్పట్లు!" అంది.

ఆ ‘ప’ వత్తు ధాటికి పన్ను ఎగిరొచ్చి పుస్తకం మీద పడింది.

క్లాసంతా లేచి చప్పట్లు కొట్టింది. మాస్టారు కూడా కొట్టారు. పన్ను ఊడినందుకు పిల్లలు కొట్టారు, చదివినందుకు ఆయన కొట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ట్యాబ్ తన ధోరణిలో తాను దుఃఖం ప్రకటించింది.

యోషిత పన్నుని లంగా కొసన మూటకట్టుకోబోయింది. సాయంత్రం వెనక్కి తిరిగి నిలబడి ఇంటికప్పు మీదికి విసరాలి, లేకపోతే కొత్త పన్ను రాదు. ఆ సంగతి రెండో తరగతిలో అందరికీ తెలుసు. మాస్టారికీ తెలుసు. కానీ మండల కార్యాలయం ఇరవై నాలుగు గంటలంది. ఆయన తప్పు చేస్తున్నవాడిలా కవరు తీసి, చెయ్యి చాపారు.

పిల్ల బావురుమంది. ఆ పిల్లని చూసి పక్క పిల్ల, దాన్ని చూసి వెనక పిల్లలు, నిమిషంలో పద్నాలుగు మందీ ఆకాశం వంక ముఖాలు పెట్టి, దవడలు పగిలేలా ఏడ్చారు. నవ్వితే ముందు పళ్ళే బయటపడతాయి. ఏడిస్తే నోట్లో వెనక పళ్ళు కూడా లెక్కకి అందుతాయి. ట్యాబ్ క్లిక్కుమని, మొదటిసారి బాజా మోగించింది.

"శుభాకాంక్షలు! ఆనందం గుర్తించబడినది! అరవై రెండు!"

పావుగంటలో పరాంకుశరావు గారు ఫోన్ చేశారు. గొంతులో తేనె కారుతోంది.

"మాస్టారూ, అద్భుతము! ఏమి చేశారో గాని, అదే కొనసాగించండి. రోజుకు మూడుసార్లు చేసినచో అరవై దాటినట్లే వ్రాసుకొందుము. తరగతి నిలబడును."

మాల్యాద్రి మాస్టారు ఫోన్ పెట్టేసి, కుర్చీలో కూర్చుని లెక్క వేసుకున్నారు. రోజుకు మూడుసార్లు పిల్లల్ని ఏడిపిస్తే చాలు, ఏడేళ్ళ పిల్లలు హైవే ఎక్కనక్కర్లేదు. ఏడిపించడం ఎంతసేపు? ఒక కేక వేస్తే ఏడుస్తారు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది. లేచి వెళ్ళి ట్యాబ్‌ని గోడవైపు తిప్పేశారు.

ఒకరోజు అరవై రెండు వచ్చి, మర్నాటి నుంచి గోడ ఫొటోలు వస్తుంటే రాజధాని ఊరుకుంటుందా? సెప్టెంబరు మొదటి వారంలో సంయుక్త సంచాలకులు వైజయంతి గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. వెంట పరాంకుశరావు గారు, ప్రహర్ష్. సంచాలకుల చేతిలో తరగతి ఎత్తివేత కాగితం సిద్ధంగా ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. వెనక గుమాస్తా మండల కార్యాలయంలో జమ అయిన పళ్ళ కవర్లన్నీ సాక్ష్యంగా సంచిలో మోసుకొచ్చాడు.

ట్యాబ్‌ని మళ్ళీ పిల్లల వైపు తిప్పారు. పరాంకుశరావు గారు మాస్టారిని పక్కకి లాగి చెవిలో, "మొన్న చేసినదే చేయండి, చాలును," అన్నారు.

"మొన్నది ఏడుపండీ."

"అది తమ అభిప్రాయము. యాప్ అభిప్రాయము వేరు. శాఖ యాప్ అభిప్రాయముతో ఏకీభవించుచున్నది."

"పిల్లల్ని ఏడిపించడం నావల్ల కాదండీ. తరగతి ఎత్తేస్తే ఎత్తెయ్యండి. హైవే దగ్గర నేనే నిలబడి ఒక్కొక్కర్ని చెయ్యి పట్టి దాటిస్తాను, రోజూ," అన్నారు మాస్టారు.

వైజయంతి గారు నిట్టూర్చి కలం మూత తీశారు. "చూడండి మాస్టారూ, మాకూ బాధగానే ఉన్నది. కానీ గణాంకములు మాట్లాడుచున్నప్పుడు మనుషులు మౌనము వహించవలెను."

మౌనం వహించే అలవాటు లేని మనిషి ఒకామె అప్పటికే బడి మెట్లెక్కుతోంది. యోషిత నాయనమ్మ ఆదెమ్మ. ఉచిత శిబిరంలో ఇచ్చిన కట్టుడు పళ్ళ సెట్టు ఆమెకి ఒకటుంది. అది ఆమె నోటికి రెండు సైజులు పెద్దది. పెళ్ళిళ్ళకీ, ఆఫీసర్లని కలవడానికీ మాత్రమే పెట్టుకుంటుంది. జీపు చూసి ఇవాళ పెట్టుకొచ్చింది.

"ఏందయ్యా మాస్టారా!" అనబోయింది గానీ పళ్ళు జారి "ఏంఫయ్యా మాఫ్ఫారా" అని బయటికొచ్చింది. పళ్ళు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "నా మనవరాలి ఫన్ను..." మళ్ళీ జారాయి. ఆ పళ్ళతో తిట్టడం అయ్యే పని కాదని ఆదెమ్మకి అర్థమైపోయింది. సెట్టుని రెండు వేళ్ళతో ఊడబీకి, టపీమని ట్యాబ్ ముందు బల్లమీద కొట్టి, ఖాళీ అయిన నోటితో స్వేచ్ఛగా అందుకుంది.

"నా మనవరాలి పన్ను యాడికి పంపించారయ్యా? ఇంటికప్పు మీద ఎయ్యకపోతే కొత్త పన్ను ఎట్టా వచ్చిద్ది? పదిరోజుల నుంచి పిల్ల అద్దం ముందే కూర్చుంటా ఉంది! పళ్ళు దాచుకునే ఆఫీసు యాడన్నా ఉందా? మీ ఇళ్ళల్లో పిల్లకాయలకి పళ్ళు ఊడవా? మీకు పుట్టుకతోనే ముప్ఫై రెండూ వచ్చినయ్యా?"

ఆమె ఇంకా చాలా అడిగేది. ఈలోపు ట్యాబ్ క్లిక్కుమంది. బాజా మోగింది. తెరమీద పూలు కురిశాయి. ఇంతకుముందెన్నడూ ఏ బడిలోనూ వినబడని రాగం ఒకటి మొదలైంది.

"శుభాకాంక్షలు! సంపూర్ణ ఆనందం గుర్తించబడినది! నూటికి నూరు!"

గదిలో అందరూ ట్యాబ్‌ వంకా, దాని ఎదురుగా బల్లమీద ఒంటరిగా ఇకిలిస్తున్న పళ్ళ సెట్టు వంకా చూశారు. పిల్లలకి ఇక ఆగలేదు. ఆ నవ్వులకి కిటికీ మీది పిచ్చుకలు లేచిపోయాయి. ప్రహర్ష్ పరుగున వెళ్ళి తెర చూశాడు.

"మేడమ్! ఇరవై ఎనిమిది పళ్ళు! ఒక్క గ్యాప్ లేదు! స్టేట్‌లో ఇంతవరకు ఎవరికీ హండ్రెడ్ రాలేదు మేడమ్!"

ఇక ఇప్పుడైనా యంత్రం సంగతి వీళ్ళకి అర్థమవుతుంది కదా అనుకున్నారు మాల్యాద్రి మాస్టారు. వైజయంతి గారు బల్ల దగ్గరికి వచ్చి, వంగి, కళ్ళజోడు సరిచేసుకుని ఆ పళ్ళని పరిశీలించారు. తర్వాత నిటారుగా నిలబడి, గంభీరంగా అన్నారు.

"ఈ తరగతిలో ఆనందము సాధ్యమేనని నేడు రుజువైనది. ఎత్తివేత ఉత్తర్వును ఉపసంహరించుకొనుచున్నాను. ఈ దంతములను శాఖ స్వాధీనపరచుకొనుచున్నది."

"అట్టా స్వాధీనం చేసుకోబాకమ్మా, మళ్ళీ శనివారం పెళ్ళుంది నాకు," అని ఆదెమ్మ సెట్టు లాక్కుని బొడ్లో దోపుకుంది. "పిల్ల పన్ను ఇయ్యండి ముందు."

గుమాస్తా సంచి బోర్లించాడు. పదకొండో నంబరు కవరు విప్పి యోషిత చేతిలో పన్ను పెట్టారు. నాయనమ్మా మనవరాలూ ఇంటికి బయల్దేరారు. అధికారులు జీపెక్కారు. జీపు కదులుతుండగా పరాంకుశరావు గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "కృషితో సాధించారు మాస్టారూ," అన్నారు.

శాఖ చరిత్రలో ఏ సరుకూ అంత తొందరగా రాలేదు. పాఠ్యపుస్తకాల రెండో భాగం ఇంకా రానేలేదు, పది రోజుల్లో ప్రతి తరగతికీ ఒక కట్టుడు పళ్ళ సెట్టు వచ్చింది. మెత్తటి గుడ్డ పరిచిన పెట్టెలో, పైన ‘ఆదర్శ దంతపంక్తి’ అని అచ్చు. సెట్టుని ట్యాబ్‌కి జానెడు దూరంలో, పళ్ళు కెమెరా వైపు ఉండేలా పెట్టాలి. రోజూ పొద్దున మెత్తటి బ్రష్‌తో తోమాలి. కదిలే పళ్ళ రిజిస్టరు రద్దయింది. పిల్లలు రెండు రోజులు దిగులుపడ్డారు గానీ, చిక్కీ గట్టిగా రావడం మొదలవగానే మర్చిపోయారు. సెట్టుకి వాళ్ళు ‘తాతయ్య’ అని పేరు పెట్టి, దాన్ని తోమే పనికి వంతులు వేసుకున్నారు.

రాష్ట్రమంతటా సూచిక ఎగబాకింది. దసరా సెలవులొచ్చాయి. ట్యాబులు, పళ్ళు తాళం వేసిన గదుల్లో ఎదురెదురుగా పది రోజులు ఉండిపోయాయి. ఆ పది రోజులూ ఒక్క బడిలో కూడా సూచిక నూటికి తగ్గలేదు. రాజధానిలో సన్మానాలు జరిగాయి. సెలవుల్లోనూ తరగని ఆనందం అని ప్రహర్ష్ ఒక పవర్‌పాయింట్ తయారుచేసి మూడు నగరాల్లో చూపించాడు.

సెలవులు అయిపోయి బడులు తెరిచిన వారంలో సూచిక తొంభై ఒకటికి పడిపోయింది. శాఖ ఉలిక్కిపడి విచారణ కమిటీ వేసింది. కమిటీ ఫొటోలన్నీ తిరగేసి కారణం కనిపెట్టింది. పళ్ళ సెట్టుకీ కెమెరాకీ మధ్యలో కొందరు పిల్లలు తిరుగుతున్నారు.

నాలుగో రోజున తాటిగుంటపాలేనికి ఉత్తర్వు వచ్చింది. మాల్యాద్రి మాస్టారు వరండాలో నిలబడి విప్పారు.

"విషయము: తరగతి గదులలో ఆనందమునకు విద్యార్థుల వలన కలుగుచున్న అంతరాయము, నివారణ గురించి. ఇందుమూలముగా సకల ఉపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, కిలకిల సూచికను కాపాడు నిమిత్తము విద్యార్థులెవ్వరూ ఏ కారణము చేతనూ యంత్రము ముందుకు రాకుండ చూడవలెను. వారిని గది యొక్క వేరొక భాగమున, యంత్రమునకు కనపడని రీతిలో కూర్చుండబెట్టి, యంత్రమునకు ఇబ్బంది కలుగని ఏదేని పనిలో నిమగ్నులను చేయవలెను. ఈ ఉత్తర్వును అతిక్రమించినవారిపై కఠిన చర్యలు తీసుకొనబడును."

మాస్టారు దాన్ని రెండుసార్లు చదివారు. కరీమూన్ మేడమ్‌ని పిలిచి మూడోసారి ఆవిడ చేత చదివించుకున్నారు, తను పొరబడలేదని తేల్చుకోవడానికి. ఆవిడ నవ్వాపుకోలేక నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఏం చేస్తారు మాల్యాద్రి గారూ?"

"చెయ్యకపోతే ఊరుకుంటారా మేడమ్? కఠిన చర్యలంటున్నారు."

ఆ మధ్యాహ్నమే బల్లలు ఈ మూల నుంచి ఆ మూలకి జరిపించారు. పిల్లలు ఊరేగింపులా తలో కాలూ పట్టుకుని లాగారు. ట్యాబూ తాతయ్యా ఒకవైపు, మధ్యలో పాత బీరువా, ఇటువైపు పద్నాలుగు మంది, నల్లబల్ల, మాస్టారు. బీరువా అవతల నూటికి నూరు శాతం ఆనందం ఇరవై నిమిషాలకోసారి బాజా మోగించుకుంటోంది. ఇవతల ఎవరూ తల తిప్పలేదు. దీపావళి నాటికి వత్తులు అయిపోయాయి. పద్నాలుగు మందిలో పన్నెండు మంది ఆపకుండా చదవసాగారు, మిగతా ఇద్దరూ ఆగి ఆగి చదవసాగారు. గట్టిగా చదివితే రోడ్డుదాకా వినబడేది. పొలం పోయేవాళ్ళు బడి గోడ దగ్గర నిలబడి వినేవాళ్ళు.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మాల్యాద్రి మాస్టారు ఒక్క అక్షరం కూడా మీరకుండా, మనసారా అమలుచేసిన ఉత్తర్వు అదొక్కటే.